కిలిమంజారో: ఏ దారిన, ఎన్ని రాత్రులు?

టాంజానియాలోని కిలిమంజారో శిఖరానికి వెళ్లాలనుకుంటున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి మిగిలిన వాటికంటే ఎక్కువ చోటు కేటాయించాను. అది రాసినవారు ఇంకా పూర్తిగా డబ్బు కట్టలేదు, ఏర్పాట్లు మార్చుకోవడానికి వ్యవధి ఉంది.

ప్రశ్న: నా వయసు 52. బ్యాంకులో పనిచేస్తున్నాను. ఏటా అలిపిరి మెట్ల దారిన తిరుమలకు నడిచే వెళ్తాను. మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఆగను. వచ్చే జనవరిలో మా అమ్మాయితో కలిసి కిలిమంజారో ఎక్కాలనుకుని, మరంగు దారిన ఐదు రోజుల ప్యాకేజీకి అడ్వాన్సు కట్టాను. అది అన్నింటికంటే సులువైన దారి అనీ, టెంట్లలో కాకుండా గుడిసెల్లో పడుకోవచ్చనీ, ఖర్చు కూడా తక్కువనీ చెప్పారు. మా నిర్ణయం సరైనదేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మరంగు దారిలో తప్పేమీ లేదు, ఇబ్బంది అంతా ఆ ఐదు రోజుల లెక్కలో ఉంది. కట్టిన అడ్వాన్సులో కొంత పోయినా సరే, కనీసం మరొక రోజు కలపమని మీ ఏర్పాట్లు చూస్తున్నవారిని అడగండి. కుదిరితే మచామే దారిన ఏడు రోజులకో, లెమోషో దారిన ఎనిమిది రోజులకో మార్చుకోండి.

కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. అంత ఎత్తున్నా, మామూలు దారుల్లో తాళ్లూ మంచుగొడ్డళ్లూ లేకుండానే చివరిదాకా నడిచి ఎక్కగలిగిన కొండ ఇది. షీరా, కిబో, మావెంజీ అనే మూడు అగ్నిపర్వతాలు కలిసిన ఈ పర్వతంలో మనం ఎక్కేది కిబోను. దాని బిలం అంచున అన్నింటికంటే ఎత్తుగా ఉన్న చోటును ఉహురు శిఖరం అంటారు. నడిచి ఎక్కే కొండే కదా అన్న ధీమాతో త్వరపడేవారే ఇక్కడ ఎక్కువగా జబ్బుపడతారు. శిఖరం దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు సగం. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే అయినా, గాలే పలచబడిపోవడం వల్ల ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ సగానికి పడిపోతుంది. ఆ లోటుకు ఒళ్లు అలవాటు పడడానికి రోజులు పడుతుంది. ఊపిరి వేగం పెరగాలి, దానివల్ల రక్తంలో వచ్చే మార్పును మూత్రపిండాలు సరిదిద్దాలి. గట్టి కాళ్లున్నంత మాత్రాన ఈ పని త్వరగా జరగదు. పడుచువారికి, క్రీడాకారులకు కూడా మినహాయింపు లేదు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతున్నారంటే మీ గుండె, కాళ్లు బాగున్నాయని సంతోషించవలసిందే. అయితే తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లకు లోపే. దక్షిణ భారతదేశంలో అన్నింటికంటే ఎత్తైన కేరళలోని ఆనముడి శిఖరం 2,695 మీటర్లు. మరంగు దారిలో మొదటి రాత్రి మీరు పడుకోబోయే మండారా గుడిసెలు 2,720 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అంటే మన దక్షిణాదిలో ఏ కొండ కొసకు చేరినా అందని ఎత్తున మీ మొదటి రాత్రి గడుస్తుంది. రెండో రాత్రి 3,720 మీటర్ల దగ్గర హొరొంబోలో, మూడో రాత్రి 4,720 మీటర్ల దగ్గర కిబో గుడిసెల్లో. ఆ మూడో రాత్రి కూడా పూర్తిగా దక్కదు, అర్ధరాత్రికే లేచి శిఖరానికి బయలుదేరాలి. మూడు వేల మీటర్లు దాటాక రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పడక ఎత్తు, అంటే రాత్రి పడుకునే చోటు ఎత్తు, పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగమనీ పర్వత వైద్యులు చెబుతారు. ఐదు రోజుల ఏర్పాటులో రోజుకు వెయ్యి మీటర్లు పెరుగుతోంది, ఆగే రోజు అసలే లేదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇదే ఐదు రోజుల ఏర్పాటుతో వెళ్లాను. అప్పటికి నాకూ ఈ లెక్క తెలియదు, తీసుకెళ్లినవారూ చెప్పలేదు. కిబో గుడిసెలో రాత్రి పదకొండున్నరకు అందరం లేచి బూట్లు వేసుకుంటున్నాం. మా జట్టులో నాకంటే పదేళ్లు చిన్నవాడైన ఒకాయన ఎడమకాలి బూటు లేసు కట్టుకోలేకపోతున్నాడు. ముడి వేస్తున్నాడు, అది జారిపోతోంది, మళ్లీ వేస్తున్నాడు. చలికి వేళ్లు కొంకర్లు పోయాయేమో అనుకుని నేను కట్టబోయాను. గైడ్ నన్ను ఆపి, అతణ్ని నిలబెట్టి, నేల మీద టార్చి వెలుతురులో ఒక గీత చూపించి, మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమన్నాడు. మూడో అడుగుకే అతను పక్కకు తూలిపోయాడు. తాగినవాడిలా తూలడం మెదడులో వాపు మొదలైందనడానికి గుర్తు. మరో మాట లేకుండా, తెల్లవారేదాకా ఆగుదామని కూడా అనకుండా, సహాయ గైడ్‌ను తోడిచ్చి ఆ చీకట్లోనే హొరొంబోకు దింపేశారు. మర్నాడు మధ్యాహ్నం మేం దిగేసరికి అతను బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. వెయ్యి మీటర్లు దిగడమే అతనికి జరిగిన వైద్యం. ఆ గైడ్ గీత మీద నడిపించకుండా ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఐదు రోజుల ప్యాకేజీ అని ఎవరు రాసినా ఇంత గట్టిగా వద్దనడానికి కారణం అదే.

ఇక దారుల సంగతి. మరంగుకే ఆరో రోజు కలిపితే, హొరొంబోలో రెండు రాత్రులు ఉండి, మధ్యలో ఒక పగలు జీబ్రా రాళ్ల దాకా నాలుగు వేల మీటర్ల ఎత్తుకు నడిచి మళ్లీ కిందికే వచ్చి పడుకుంటారు. ఇది ఐదు రోజుల కంటే ఎంతో మేలు. మచామే దారి నైరుతి నుంచి ఎక్కుతుంది. ఇందులో టెంట్లే, గుడిసెలు ఉండవు. రెండో రాత్రికి ఇక్కడా పడక ఎత్తు ఒక్కసారిగా దాదాపు తొమ్మిది వందల మీటర్లు పెరుగుతుందన్న మాట నిజమే. కానీ ఆ రాత్రితో మొదలుపెట్టి షీరా, బరాంకో, కరంగా మకాముల్లో వరసగా మూడు రాత్రులు నాలుగు వేల మీటర్లకు కాస్త అటూ ఇటూగానే గడుస్తాయి. మధ్యలో ఒక పగలు 4,600 మీటర్ల ఎత్తున ఉన్న లావా టవర్ అనే రాతిదిమ్మె దాకా ఎక్కి, అక్కడ మధ్యాహ్న భోజనం చేసి, ఆరు వందల మీటర్లకు పైగా దిగి బరాంకోలో పడుకుంటారు. ఆ మధ్యాహ్నం చాలామందికి తల పోటెత్తుతుంది, సాయంత్రం దిగాక తేలికపడుతుంది. ఒళ్లు అలవాటు పడేది ఇలాగే. ఆరు రోజుల మచామేలో కరంగా రాత్రిని తీసేస్తారు కనుక ఏడు రోజులదే అడగండి.

పడమటి నుంచి వచ్చే లెమోషో దారిన మొదటి రెండు రోజులు జనసంచారం తక్కువ. అడవి దాటి షీరా పీఠభూమి మీదుగా తాపీగా ఎక్కి, లావా టవర్ దగ్గర మచామే దారితో కలుస్తుంది. మీ వయసుకు, మీ అమ్మాయి తోడుగా వెళ్లే మొదటి ప్రయాణానికి ఎనిమిది రోజుల లెమోషోనే నా ఎంపిక. ఉత్తరాన కెన్యా సరిహద్దు వైపు నుంచి ఎక్కే రొంగాయ్ దారిలో వానలు తక్కువ, వాలు కూడా మెల్లగా ఉంటుంది. తడి నెలల్లో వెళ్లక తప్పనివారికి అది మంచిది. నిట్టనిలువుగా ఎక్కే ఉంబ్వే దారి జోలికి మొదటిసారి వెళ్లేవారు పోవద్దు.

ఒక హెచ్చరిక. మచామే, లెమోషో దారుల్లో వెళ్లినవారు శిఖరం నుంచి మ్వేకా దారిన దిగుతారు. అర్ధరాత్రి మొదలుపెట్టి ఉహురు చేరినవారు ఆ రోజే సుమారు 3,100 మీటర్ల దాకా దిగాలి. ఆ ఒక్కరోజు దిగుడు మోకాళ్లను పిండి చేస్తుంది. మనలో చాలామంది తిరుమలకు నడిచి ఎక్కి బస్సులో దిగుతారు. ఈ కొద్ది నెలలూ మీరు దిగడం కూడా మెట్ల దారినే దిగండి, చేతికర్రలు పట్టుకుని దిగడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారానికి నాలుగు రోజులు జిమ్, ఆదివారం పది కిలోమీటర్ల పరుగు. కిలిమంజారోకు హైదరాబాద్‌లోనే ఉంటూ ఎలా సిద్ధం కావాలి? డయామాక్స్ మాత్ర వేసుకుని ఎక్కితే అది ఎక్కినట్టు కాదని మా స్నేహితుడంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీకు ఊపిరి పట్టు ఇప్పటికే ఉంది. లేనిది వరసగా ఆరేడు రోజులపాటు రోజుకు ఐదారు గంటలు నడిచే అలవాటు. గంట పరుగు తీసి ఇంటికొచ్చి పడుకోవడం వేరు, నిన్నటి అలసట తీరకముందే ఈరోజు మళ్లీ బూట్లు బిగించడం వేరు. అందుకని నెలకు రెండుసార్లయినా శని, ఆదివారాలు రెండూ కలిపి కొండలెక్కండి. భువనగిరి కోట గుట్టను ఒకే రోజు నాలుగైదు సార్లు ఎక్కి దిగవచ్చు. తిరుపతి వెళ్లగలిగితే శ్రీవారి మెట్టు దారి ఉంది, 2,388 మెట్లు. వీపున ఆరేడు కిలోల సంచి పెట్టుకోండి. కిలిమంజారో మీద నీళ్లు, వానకోటు, అదనపు స్వెట్టర్లతో మీరు మోసే పగటి సంచి అంతే ఉంటుంది. కొనుక్కున్న బూట్లు ఇక్కడే కనీసం వంద కిలోమీటర్లు నడిచాక విమానం ఎక్కించండి.

ఎత్తుకు అలవాటు పడడం మాత్రం మన దగ్గర సాధ్యం కాదు, తెలుగు నేల మీద ఎంత పెద్ద కొండ కూడా 1,700 మీటర్లు దాటదు. మాలావత్ పూర్ణ ఉదాహరణ చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆ అమ్మాయి 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. ఆ తరువాత 2016లో కిలిమంజారో కూడా ఎక్కింది. వాళ్లకు రాళ్లెక్కడం నేర్పింది భువనగిరి గుట్టే అయినా, మంచునూ ఎత్తునూ నేర్చుకోవడానికి డార్జిలింగ్, లద్దాఖ్ పంపించవలసి వచ్చింది. మీకు సెలవు దొరికితే ముందుగా హిమాలయాల్లో నాలుగు వేల మీటర్లు దాటే ట్రెక్ ఒకటి చేసి, ఆ ఎత్తులో మీ ఒళ్లు ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోండి. దొరకకపోతే ఆ లోటును కొండ మీద అదనపు రాత్రులతో పూడ్చుకోవాలి. పైన చెప్పిన లెక్క మీకూ అంతే వర్తిస్తుంది. జిమ్‌కు వెళ్లేవారు మొదటి రెండు రోజులు అందరికంటే ముందు నడిచి, మూడోనాడు తల పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. అక్కడి గైడ్లు ‘పోలే పోలే’ అంటుంటారు, మెల్లగా మెల్లగా అని. పక్కవారితో మాట్లాడుతూ నడిస్తే ఆయాసం రాకూడదు. మీ నడక అంత నెమ్మదిగా ఉండాలి.

డయామాక్స్ విషయంలో మీ స్నేహితుడి మాట పట్టించుకోనవసరం లేదు. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి వాడే ఆ మందు అసలు పేరు ఎసిటజోలమైడ్. మూత్రపిండాలు ఎలాగూ చేయవలసిన సర్దుబాటును కాస్త త్వరగా చేయిస్తుంది, దానితో ఊపిరి మెరుగుపడుతుంది. జబ్బును కప్పిపుచ్చే మందు కాదది. వేళ్లలో తిమ్మిరి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం మామూలు. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బులున్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా ముట్టుకోకూడదు. మిగిలినవారు కూడా మోతాదును వైద్యుడి చేతే రాయించుకుని, బయలుదేరకముందే ఇంటి దగ్గర ఒకటి రెండు రోజులు వేసుకుని చూడాలి. మాత్ర వేసుకున్నాం కదా అని ఒక రాత్రి తగ్గించుకుంటే మాత్రం మందు చేసిన మేలంతా పోతుంది. తలనొప్పితో పాటు వాంతులు, నడకలో తూలడం, మాట తడబడడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, వదలని దగ్గు, వీటిలో ఏది కనిపించినా మాత్రలతో కాలక్షేపం చేయకుండా కిందికి దిగాలి. గైడ్‌కు తలనొప్పి దాచిపెట్టకండి. శిఖరం దక్కదేమోనన్న భయంతో దాచేవారే ఎక్కువ.

ప్రశ్న: మాది పూర్తి శాకాహారం. కొండ మీద తిండికి ఇబ్బంది పడతామా? ఏ నెలలో వెళ్లాలి?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: ఇబ్బంది పడరు. ముందుగా చెబితే వంటవాళ్లు అన్నం, పప్పు, కూరగాయల సూపు, చపాతీ, గుడ్లు, పళ్లు ఏర్పాటు చేస్తారు. గుడ్డు కూడా తినకపోతే ఆ మాట విడిగా, స్పష్టంగా చెప్పండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది కనుక నోటికి హితవైనదేదైనా వెంట తీసుకెళ్లడం మంచిది. నా సంచిలో గోంగూర పచ్చడి, కందిపొడి ఎప్పుడూ ఉంటాయి. నాలుగు వేల మీటర్ల పైన మా జట్టంతా ఆ పొడితోనే అన్నం తిన్నది. జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు, జూన్ నుంచి అక్టోబరు వరకు పొడి నెలలు. మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు. ఏ నెలలో వెళ్లినా శిఖరం రాత్రి సున్నాకు పది, పదిహేను డిగ్రీల కిందికి పోవచ్చు. నీళ్ల సీసాను మేజోడులో చుట్టి తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు.

ప్రశ్న: భూమధ్యరేఖకు అంత దగ్గరలో మంచు ఎలా నిలిచింది? అది త్వరలో పోతుందని పిల్లలకు పాఠం చెబుతున్నాం. శిఖరం దాకా వెళ్తే ఇప్పటికీ కనిపిస్తుందా?
– ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: కనిపిస్తుంది, మీ విద్యార్థులు పెద్దయ్యేనాటికి కనిపించకపోవచ్చు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది కనుక, భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దక్షిణానే ఉన్నా ఆరు వేల మీటర్లకు చేరువైన చోట మంచు నిలుస్తుంది. 1848లో జర్మన్ మతబోధకుడు యోహానెస్ రెబ్‌మాన్ ఆ తెల్లని కొప్పును చూశానని రాస్తే యూరప్‌లోని పండితులు చాలాకాలం నమ్మలేదు. 1889 అక్టోబరులో హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ శిఖరం చేరినప్పుడు ఆ మంచు మీద మెట్లు చెక్కుకుంటూ ఎక్కవలసి వచ్చింది. ఇప్పుడు అదే శిఖరానికి బూడిద, కంకర మీద నడిచి వెళ్తున్నాం.

1912తో పోలిస్తే ఎనభై శాతానికి పైగా మంచు పోయింది. మీ పిల్లలకు ఇక్కడ ఒక సూక్ష్మం చెప్పవచ్చు. ఈ కొండ మీద మంచు కరిగి నీరు కావడం ఒక్కటే జరగడం లేదు. పొడిగాలికి, ఎండకు గడ్డ తిన్నగా ఆవిరైపోవడం కూడా పెద్ద కారణం. కొత్తగా కురిసే మంచు తక్కువై ఆ నష్టం పూడడం లేదు. అందుకే మిగిలిన హిమానీనదాల అంచులు గోడల్లా నిలువుగా కోసినట్టు ఉంటాయి. బిలం అంచు మీదికి చేరే స్టెల్లా పాయింట్ అనే చోటు నుంచి ఉహురు వైపు నడిచే ముప్పావుగంటలో ఎడమచేతి వైపు అలాంటి గోడలు కనిపిస్తాయి. తెల్లవారుజామున వాటి మీద పడే నీలిమ చూసినప్పుడు నేను కాసేపు అడుగు వేయలేకపోయాను. 2015–2020 మధ్యకల్లా మంచంతా పోతుందని 2002లో ఒక అధ్యయనం అంచనా వేసింది. అంత త్వరగా పోలేదు. 2050 నాటికి పోతుందని 2022లో యునెస్కో ప్రకటించింది. మంచు పోతే కింద ఉన్న ఊళ్లకు నీళ్లుండవన్న మాట మాత్రం పాఠంలో చేర్చకండి. దక్షిణపు వాలున కాఫీ, అరటి పండించే చగ్గా ప్రజల కాలువలకు నీరిచ్చేది ప్రధానంగా అడవి మీద కురిసే వాన. అందువల్ల ఆ ఊళ్లకు అడవి నరకడమే పెద్ద ముప్పు.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం హిమాలయాల్లో సొంతంగా ట్రెక్కింగ్ చేసినవాళ్లం. కిలిమంజారోకు గైడ్, పోర్టర్లు లేకుండా వెళ్లవచ్చా? మా సామాను మేమే మోసుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వెళ్లకూడదు. పర్వతమంతా జాతీయ ఉద్యానవనం; లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా గేటు దగ్గరే ఆపేస్తారు. పార్కు రుసుమే ఖర్చులో పెద్ద వాటా కనుక సామాను మోసుకున్నంత మాత్రాన మిగిలేది స్వల్పం. పైగా మీ బట్టల సంచి ఒక్కటే బరువు కాదు. టెంట్లు, బియ్యం, గ్యాసు, పాత్రలు అన్నీ మనుషులే మోయాలి. కరంగా దాటాక, శిఖరానికి ముందు ఆఖరి మకామైన బరాఫులో నీళ్లు దొరకవు. మీరు అక్కడ తాగే ప్రతి చెంబూ ఎవరో కరంగా లోయ నుంచి ఎత్తుకొచ్చిన నీళ్లే.

అందువల్ల ఖర్చు తగ్గించే చోటు అది కాదని నా గట్టి అభిప్రాయం. మరీ చవకగా ఇస్తామనే ప్యాకేజీలో కోత పడేది చాలాసార్లు ఆ మోసేవారి కూలి మీదే, వారి తిండి మీదే. ఒక పోర్టర్ ఇరవై కిలోలకు మించి మోయకూడదని నియమం. గేటు దగ్గర కాటా వేస్తారు. మీ సంచి పదిహేను కిలోలు దాటకుండా సర్దుకోండి. డబ్బు కట్టే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: రోజు కూలి ఎంత, రోజుకు ఎన్ని పూటలు తిండి, పడుకోవడానికి టెంటు ఇస్తారా. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఈ విషయాలను గమనిస్తూ, సరిగ్గా నడుచుకునే నిర్వాహకుల జాబితా ఉంచుతుంది. మీరు చూస్తున్నవారి పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. చివరి రోజు ఇచ్చే బహుమానాన్ని ఒకరి చేతికి మొత్తంగా ఇచ్చేయకుండా, జట్టంతా కూడిన చోట ఎవరికి ఎంత అన్నది బిగ్గరగా చదివి ఇవ్వండి. ఆ డబ్బును ఇక్కడి నుంచే చిన్న నోట్లుగా మార్చుకుని, పేర్లు రాసుకోవడానికి కవర్లు కూడా తీసుకెళ్లండి. కొండ మీద చిల్లర పుట్టదు.